నీరు ఎంత లాగితే అంత

కోట మండలం సముద్రపు ఒడ్డు పాలెంలో, పడవల యజమాని ఇంట్లో కొత్త ఏసీ బిగించిన మెకానిక్ అమ్మాయి సామాను సర్దుకుంటోంది. కూతురి పని చూడటానికి వచ్చిన, పడవ నడిపే తండ్రికి మనసు కుదుటపడలేదు.

"పాపా, నీ ఏసీకి పానం పోతా ఉండాది. ఇందాక గుర్రుమనింది, ఇప్పుడు గొణుగుతాండాది."

"గది చల్లబడింది నాయనా. అందుకే తగ్గింది."

"చల్లబడితే ఆగిపోవాల గదా? మా సొసైటీ ఆఫీసులోది టక్కున ఆగి, మళ్ళా లేస్తాది."

"అది పాతరకం. దానికి పరిగెత్తేదీ పడుకునేదీ రెండే తెలుసు. ఇది గదిని చూసుకుంటా వేగం మార్చుకుంటాది."

"మా పాపే బిగిస్తా ఉండాదని పాలెమంతా చెప్పుకున్నాను. రేపు తలెత్తుకోని తిరగొద్దా?"

"సరే, నువ్వు చెప్పు. వల కాడ పడవ కదలకుండా నిలవాలంటే ఇంజను ఆపేస్తావా?"

"ఆపితే నీరు లాక్కోని పోదా? నీరు ఎంత లాగితే అంతే వేగం ఇస్తా. అది తగ్గితే నేనూ తగ్గిస్తా."

"ఇదీ అంతే. ఎండ ఎంత వేడి లోపలికి తోస్తే అంతే తిరుగుతాది. నువ్వు చేత్తో చేసేది ఇది సెన్సర్ చూసి చేస్తాది."

అతను గోడకు చెవి ఆనించి ఆ గొణుగుడు విన్నాడు. అది ఇన్నేళ్ళుగా తన చేతికి తెలిసిన చప్పుడే.

"ఈ మిషను చేసింది ఎవురు పాపా?"

"ఎవురో కంపెనీవోళ్ళు నాయనా."

"వాళ్ళల్లో మన పాలెపోడు ఒకడన్నా ఉండుంటాడు. కనుక్కో."