తారీఖ్ మాఫీ

శుక్రవారం సాయంత్రం, అరబ్బు దేశంలో వలస కూలీలు ఉండే బర్వా అల్ బరాహా కాలనీలో, చాయ్ దుకాణం ముందు ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నా పోశన్న కూర్చునేది నడిమధ్యలోనే. జగిత్యాల దిక్కు మనిషి. అల్ ఘర్రాఫాలో ఒక ముసలి అరబ్బు ఇంట్లో డ్రైవరు. నుదుట ఇంత బొట్టు, చేతిలో వేడి చాయ్, ఎదురుగా వినేవాళ్లు, ఈ మూడూ కుదిరితే ఆయనకు ఆ వారం పండగే. ఆ రోజు ముగ్గురు దొరికారు. సొంత ఊరి తాపీమేస్త్రి లస్మయ్య, మొన్ననే దేశం నుంచి దిగిన భూమేష్, అరబ్బీ చదవను రాయను వచ్చిన కోరుట్ల జహాంగీర్.

"ముందుగాల ఎములాడ రాజన్న దేవునికి ఓ దండం," అని పోశన్న కళ్లు మూసి తెరిచాడు. "ఆయిన ఎదురుంగ నేను అబద్ధమాడితే నా నాలుక పడిపోవాలె. ఇగ ఇనుండ్రి. నేనేం పెద్దపని చెయ్యలే. బండి కడిగిన. గంతే."

"ఏ బండి కాకా?" అన్నాడు భూమేష్.

"మా బాబా బండి. బాబా అంటే మా సేటు రా. ఆయిన వయసుల ఉన్నప్పుడు కొన్న జీపు. దాని నంబరెంతో ఎర్కేనా? ఒకటి ఒకటి ఒకటి ఆరు. వెయ్యి నూటపదార్లు! మన దిక్కు పెండ్లిల సదివిచ్చే లెక్క. గసొంటి నంబరు అరబ్బులింట్ల వుట్టిందంటే, నేనస్తనని రాజన్న ముందుగాల్నే పంపిచ్చిండన్నట్టు. పొద్దుగాల లేషి నేను దానికే మొక్కుత. ఇగ ఆ బండికి ఏమచ్చిందంటే, బాబా పెద్ద కొడుకు అచ్చి, 'బండిని తుక్కుకేద్దాం, నంబరు అమ్ముదాం, డ్రైవర్ని ఇంటికి తోలుదాం' అన్నడు. మూడు ముక్కలు, ఒక్కటే ఊపిరి! బాబా కండ్లల్ల నీళ్లు. నాకు బుక్క పోలే. రాత్రి నన్ను దగ్గరికి పిలిచి, 'పోశన్నా, ఒక్కటే తొవ్వ. గదీమ్ బండి, అంటే పాతకాలపు బండి, అని ట్రాఫిక్ ఆఫీసుల రాయిస్తె ఇగ తుక్కు మాట రాదు. కని గట్ల రాసినప్పుడు నంబరు మారుస్తరు, అది మారద్దు' అన్నడు. ఆయినకు మోకాళ్లు లెవ్వయి. కొడుకులకు మనసు లేదు. మరి ఎవలు వోవాలె?"

"ఇదంత ఆయిన అరబ్బీల చెప్పిండా?" లస్మయ్య అడిగాడు.

"ఏండ్లకు ఏండ్లు కలిసి తిరిగినం లస్మన్నా. ఆయిన తెలుగు, నా అరబ్బీ ఒక్క తీరుంటయి. నడుమల రాకు. బండి కడిగిన అన్న గదా, బంపర్‌ను చింతపండుతోని తోమిన. ఎట్ల మెరిసిందంటే, పైకెల్లి దిగే ఇమానం పైలట్‌కు కండ్లు జిగేల్‌మని, ఇంకో సుట్టు తిరిగి దిగిండు."

"ఫోన్ జేసి చెప్పిండా నీకు?" అన్నాడు లస్మయ్య.

"ఫోన్ ఎందుకు, చెయ్యి ఊపిండు. ఇగ రోడ్డెక్కిన. సిగ్నల్ ఎర్రగున్నది. వెయ్యి నూటపదార్లు కనవడంగనే సిగ్గువడి పచ్చగైంది. మీద కెమెరా టప్పుమన్నది. జుర్మానా అనుకున్నరా? కాదు, యాదికుంటదని ఫోటో దిగింది."

"మొన్న మీ సేటు జుర్మానా కట్టిండన్నవ్ గదనే?"

"అది ఫోటో ఖర్చు," అని పోశన్న ఒక గుటక వేశాడు. "ఆఫీసుల అడుగువెట్టిన. నాకంటె ముందు మందే మంది. నేనేం దొమ్మి చెయ్యలే, కిటికీల నుంచి బండి దిక్కు ఏలు సూపెట్టిన. గంతే, అందరు లేషి తొవ్విచ్చిండ్రు. ఆఫీసర్ కాడికి వోయిన. తెల్లబట్టలు, చేతిల తస్బీ, మన జపమాల లెక్క. ఆయిన కూడ దేవునికి భయపడే మనిషే అని ఖుషైంది. 'ఈ బండిల గొప్పేంది?' అన్నడు. ఇగ అడిగినంక చెప్పకుంటే పాపం గదా? ఎడారిల దుఖాన్ ఊరి ముచ్చట మొదలువెట్టిన."

"దుఖాన్ల ఏమైంది కాకా?" భూమేష్ కుర్చీ ముందుకు జరిపాడు.

"దుఖాన్ అవతల, ఇసుకల, పెట్రోల్ అయిపోయింది. మనిషి లేడు, మేక లేదు. బాబా 'ఖలాస్' అని కూలవడ్డడు. నేను రాజన్నను తలుసుకొని బానెట్ మీద చెయ్యేసిన. బండి ముక్కు కిందికి వెట్టి, బర్రె నీళ్ల జాడ వట్టినట్టు వాసన వట్టుకుంట వోయింది, వోయింది, ఓకాడ ఆగి ముందటి టైరుతోని గీకింది. బుస్సుమని నూనె! సక్కగ అచ్చి ట్యాంకుల వడ్డది, ఒక్క సుక్క బయట పోలే."

"దుఖాన్ల నూనె మీ నాయిన పుట్టకముందే దొరికిందటనే!"

"అది మొదటిది లస్మన్నా, నేను చెప్పేది ఆఖరుది. కంపెనోళ్లు ఉరికచ్చి 'సార్, జర మూతవెట్టుండ్రి, మా బాయిలు ఎండుతున్నయి' అని బతిమాలితె స్టెప్నీ టైరు అడ్డమేసి అచ్చినం. గటెన్క ఏమైందో ఎర్కేనా? షమాల్ గాలి లేసింది. బండిని, బాబాను, నన్ను కలిపి లేపుకపోయి సముద్రం అవతల బహ్రెయిన్ల దించింది. అక్కడ సరిహద్దోడు నంబరు సూసి, 'ఇది మా దేశం నంబరు కాదు' అని గాలికి ముద్రగుద్ది ఎనుకకు తోలిండు."

"గాలికి ముద్రా?"

"నా పాస్‌పోర్టు ఇంట్ల బాబా పెట్టెల ఉండె. మరి దేనిమీద గుద్దాలె?"

లస్మయ్యకు చాయ్ పొలమారింది. భూమేష్ పడీపడీ నవ్వాడు. జహాంగీర్ మాత్రం రస్కు ముంచుకుంటూ వింటున్నాడు.

పోశన్న గొంతు తగ్గించాడు. మనుషుల్ని దగ్గరికి లాగాలంటే గొంతు తగ్గించాలని ఆయనకు తెలుసు. "ఇదంత ఇని ఆఫీసర్ లేషి నిలవడ్డడు. ఆఫీసు అంత గప్‌చుప్. ఒక్కటంటె ఒక్కటే మాట అడిగిండు. 'హాదీ సయ్యారా తారీఖియా?' సయ్యారా అంటె బండి. నాకు మతలబు ఎరుకైంది. బండికి ఏ తారీఖు ఇయ్యాలె అంటున్నడు! రేపు రా, ఎల్లుండి రా అని తిప్పే ఉపాయం. నేను ఊకుంటనా? బల్ల మీద చెయ్యి సరిసి అన్న, 'తారీఖ్ మాఫీ!'"

"మాఫీ అంటే, మన రుణమాఫీ లెక్కనా కాకా?"

"నువ్వు కొత్తోనివి బిడ్డా. ఈ దేశంల మాఫీ అంటె లేదు అని. ఫులూస్ మాఫీ అంటె పైసల్లెవ్వు. తారీఖ్ మాఫీ అంటె, తారీఖు గీరీఖు జాన్తా నై, గిప్పుడే గిక్కడ్నే చెయ్యాలె అని! ఆయిన నమ్మలేక మల్ల అడిగిండు, 'తారీఖియా మాఫీ?' నేను 'మాఫీ! వల్లా, మాఫీ!' అని దేవుని మీద ఒట్టు వెట్టిన. 'రఖమ్ సేమ్ సేమ్' అని నంబరు సంగతి కూడ తేల్చిన. ఆయిన నవ్వి 'మాఫీ ముష్కిల్' అన్నడు. ఏ కష్టం లేదని! కంప్యూటర్ల టపటప రెండు నొక్కిండు, పని ఖతం. ఇంకేమన్నడో ఎర్కేనా? ఆదివారం బండిని తీస్కరమ్మన్నడు. వాళ్లోళ్లు అందరు సూస్తరట. సుట్టు తిరిగి సూస్తరట, కింద పండుకొని కూడ సూస్తరట. ప్రదక్షిణం, సాష్టాంగం! ఏ బండికి దొరికింది లస్మన్నా ఆ భాగ్యం?"

భూమేష్ చప్పట్లు కొట్టాడు. జహాంగీర్ చేతిలోని రస్కు మెత్తబడి చాయ్‌లో పడిపోయింది. అతను దాన్ని చూసుకోలేదు.

"అన్నా, ఆయిన అడిగిన మాట మల్లోసారి అను."

"హాదీ సయ్యారా తారీఖియా."

"తారీఖ్ అంటే మనకు ఒట్టి తారీఖే. అరబ్బీల చరిత్ర కూడ. సయ్యారా తారీఖియా అంటే చరిత్ర బండి. నువ్వు రాయించుకుందామని పోయిన పాతకాలపు బండి అదే. 'ఇది గదేనా' అని అడిగిండు ఆయిన."

పోశన్న కప్పు పెదాల దాకా వచ్చి ఆగింది.

"నువ్వు కాదన్నవ్," అన్నాడు జహాంగీర్, మెల్లగా. "ఆయిన మల్ల అడిగితె ఒట్టు వెట్టి మరీ కాదన్నవ్. మామూలు బండి అని రాసుకుండు. మామూలు బండి నంబరు ఎవలు మారుస్తరు? అందుకే ముష్కిల్ లేదన్నడు. ఆదివారం వాళ్లు కింద పండుకునేది మొక్కెటందుకు గాదన్నా, చెకింగు. అండ్ల ఫెయిలైతె బండి తుక్కుకే."

లోపల స్టవ్ మీద పాలు పొంగిన చప్పుడు వినిపించింది.

"బ్రేకులు ఎట్లున్నయే?" అని లస్మయ్య అడిగాడు.

"తొక్కితె... జర దూరం వోయి ఆగుతది."

"పొగ?"

"ఉన్నది."

ఆ రెండు జవాబుల్లోనూ విమానం లేదు, గాలి లేదు, బర్రె లేదు. పోశన్న నోట అంత చిన్న మాటలు వాళ్లెప్పుడూ వినలేదు.

"బాబాకు ఏం చెప్పినవ్ కాకా?" అన్నాడు భూమేష్.

"పని అయిపోయిందని చెప్పిన. నా రెండు చేతులు వట్టుకొని ఏడ్సిండు ముసలాయిన. కొడుకును పిలిచి, 'సూసినవా, బండి ఉంటది, నంబరు ఉంటది, పోశన్న ఉంటడు' అన్నడు." బొట్టు చెదిరేలా అరచేత్తో నుదురు తుడుచుకున్నాడు. "జహాంగీర్, ఆదివారం నీకు డ్యూటీ ఉన్నదా తమ్మీ?" అన్నాడు.

"సెలవు వెడత. చెకింగుకు పోకముందే ఆ ఆఫీసర్‌ను కలుద్దాం. బండి తారీఖియానే, మా అన్నకు మాట తెలవక అట్లన్నడని చెప్త. దేవునికి భయపడే మనిషంటివి, ఇంటడు. కని ఒక్క షర్తు. అక్కడ నేను మాట్లాడుత. నువ్వు నోరు తెరవద్దు."

పోశన్న ముగ్గురి వైపూ చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మూశాడు.

"మాట మాఫీ," అన్నాడు.

"ఒట్టేనా?"

"ఒట్టు కూడ మాఫీ."