కందెన డబ్బులు

"లంచాన్ని మన జర్మన్లు ష్మీర్‌గెల్ట్ అంటారే, కందెన డబ్బులని, ఆ మాట ఎవరివల్ల పుట్టిందో తెలుసా? మీ ఎదురుగా కూర్చున్న ఈ కీలియన్ వల్ల! నవ్వకు ఫైట్, పీపాలు చేసుకునేవాడివి, బళ్ల సంగతి నీకేం తెలుసు? నీ తమ్ముడికి పని ఇప్పించాలని నీ ఏడుపు. వాల్బుర్గమ్మా, నీ సత్రం కొత్త టపా బండికి తోలేవాణ్ణి ఇవాళే ఖాయం చేస్తానన్నావుగా, ఇది విన్నాకే చెయ్యి.

అప్పట్లో నేను బాంబెర్గ్ బండి తోలేవాణ్ణి. మజిలీ మజిలీకీ ఇరుసుకి కందెన పెట్టాలి, అందుకు ప్రయాణికులు తలా ఆరు క్రాయిట్జర్లు ఇవ్వాలి. అందరూ పందికొవ్వు పూసేవాళ్లు. నేనో? బాతుకొవ్వు! ఒక్క పూత పూశానో లేదో, బండి జర్రున జారింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుర్రాలు పరిగెత్తాయి," అన్నాడు ఫైట్.

"ఎక్కడ పరిగెత్తాయి! పాపం, బండి వాటిని దాటేసి పోతోంది. జాలేసి రెంటినీ లోపల కూర్చోబెట్టాను. కిటికీ పక్కన నేనంటే నేనని ఒకటే గొడవ!"

"అబ్బో! ఛార్జీ ఇచ్చాయా?"

"మధ్యలో అడ్డురాకు. న్యూరెంబెర్గ్‌లో పదకొండింటికి బయల్దేరామా, బాంబెర్గ్‌లో దిగితే ఇంకా తొమ్మిదే! నేను ఉత్తరం అందించే వేళకి అది రాసినాయన ఇంకా మంచమే దిగలేదు. బాంబెర్గ్ ప్రభువుగారు స్వయంగా వచ్చి, ఇరుసు తాకి, వేలు నాకి, 'ఒరే కీలియన్, ఇది కందెన కాదురా, బంగారం!' అని అక్కడికక్కడే ఆ ఆరు క్రాయిట్జర్లకి కందెన డబ్బులని పేరు పెట్టి దండోరా వేయించారు. లంచగొండులు తర్వాత ఎత్తుకుపోయారు గానీ, అసలు మాట నాదే. అమ్మా, ఈ చలికాలం కూడా పని లేకపోతే నా బతుకు వీధిన పడుతుంది. బండి నాకే ఇవ్వు."

వాల్బుర్గ చేతిలోని బీరు ముంతలు బల్లమీద పెట్టింది.

"ఆ బండిలో నేనూ ఉన్నాను కీలియన్, మా అమ్మతో. ఆరేసి క్రాయిట్జర్లు నీ చేతిలో పెట్టింది నేనే. ఆ డబ్బుతో తాగొచ్చి, ఇరుసు ముట్టుకోకుండా బండెక్కావు. వంతెన దగ్గర చక్రం ఊడింది. బురదలో రెండు గంటలు నడిచాం. పని చెయ్యకుండా మింగేదే కందెన డబ్బని దారంతా మా అమ్మ నిన్ను తిడుతూనే ఉంది. మాట నీవల్లే పుట్టింది, కాదనను. బండి మాత్రం ఫైట్ తమ్ముడు తోలతాడు."