మూడు మూరల అలసట

గాలి తిరగబడి మూడు రోజులైంది. పడవలన్నీ ఇసుకలో బోర్లా పడి ఉన్నాయి. పడవలు బోర్లా పడితే ఊళ్ళో నోళ్ళు తెరుచుకుంటాయి. ఆ నోళ్ళన్నింటిలోకీ పెద్దది టీ కొట్టు ముందు బల్ల మీద, సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ఆ నోరున్నాయన్ని ఊరంతా బారలాయన అంటారు. ఆయన పట్టిన చేప ఏదైనా బారల్లోనే ఉంటుంది, పొరపాటున కూడా మూరల్లోకి దిగదు. రెండు చేతులూ బార్లా చాపి చూపిస్తే గానీ ఆయనకు కథ సాగదు. అందుకని ఆయనకు అటూ ఇటూ కూర్చునేవాళ్ళు ముందుగానే టీ గ్లాసు అవతలి చేతిలోకి మార్చుకుంటారు. ఊరికి కొత్తవాడెవరో చొక్కా మీద టీ మరకను బట్టి చెప్పొచ్చు.

ఆ మధ్యాహ్నం వదిన కూడా కొట్టు దగ్గరికి వచ్చింది. ఆమె బారలాయన అన్న భార్య. అయితే ఊళ్ళో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు, ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా. చిరిగిన వల ఒళ్ళో వేసుకుని, కొట్టు స్తంభానికి ఆనుకుని, ఒక్కో కన్నూ కుట్టుకుంటూ కూర్చుంది. టీ తాగడానికి రాలేదు. వల కుట్టడానికీ రాలేదు, అది ఇంట్లోనూ కుట్టుకోవచ్చు. మరిది నోట్లోంచి ఒక్క మాట రాబట్టుకుని పోదామని వచ్చింది. హద్దురాయి కదిలిందనే మాట.

మామగారు పోయేముందు పొలాన్ని ఇద్దరు కొడుకులకూ చెరిసగం చేసి, మధ్య గట్టు మీద రాయి పాతించాడు. ఊరివైపు సగం చిన్నవాడికి, సముద్రంవైపు సగం పెద్దవాడికి. సముద్రంవైపు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. గట్టు పక్కన ఒక్కచోట మాత్రం ఇసుక తోడితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ చెలమ పెద్దవాడి వాటాలో పడింది. తర్వాత పెద్దవాడు పోయాడు. ఆ ఏడాది నుంచే గట్టుకు కాళ్ళొచ్చాయి. ఏటా గట్టు సరిచేసేటప్పుడు బారలాయన పారతో తనవైపు చెక్కి, ఆ మట్టే అవతలివైపు వేసేవాడు. ఏడాదికి జానెడు. ఆరేళ్ళలో గట్టు మూడు మూరలు సముద్రంవైపు నడిచింది, గట్టు వెంట రాయీ నడిచింది, చెలమ చిన్నవాడి పొలంలో తేలింది.

ఇప్పుడు వదిన మిరప నారు నాటి ఉంది. మరిది తన మొక్కలకు తోడుకున్నాక అడుగున మిగిలే బురదనీళ్ళు ఆమె వంతు. నాలుగు రోజులుగా ఆకులు ముడుచుకుంటున్నాయి. ఇంకో నాలుగు రోజులు ఇలాగే గడిస్తే ఆ నారు పొయ్యిలోకి కూడా పనికిరాదు.

అడగవలసినవాళ్ళందర్నీ ఆమె అడిగింది. ఒడ్డున పెద్దవల లాగే జట్టుకు పెద్ద ఒకాయన ఉన్నాడు, గట్టు తగాదాలు కూడా ఆయన దగ్గరికే పోతాయి. వలపెద్ద మంచివాడు. అందుకని ఎవర్నీ నొప్పించడు, అందుకని ఏదీ తేల్చడు. రాయి కదిలిందనడానికి సాక్ష్యం ఏదమ్మా అన్నాడు. ఊరంతా చూశారు కదా అంటే, ఊరంతా ఆ ఆరేళ్ళూ సముద్రంవైపు చూస్తున్నారట. చివరికి ఆమె గుమ్మం వదలకపోయేసరికి ఒక మాట ఇచ్చాడు. నలుగురిలో వాడి నోటితో వాడు రాయి కదిలిందని చెబితే, ఆ పూటే తను దగ్గరుండి వెనక్కి పాతిస్తానన్నాడు. వాడు చెప్పడని ఆయన ధీమా.

వదిన సరేనంది. మరిది నోటి సంగతి ఆమెకు తెలుసు. నిజమా అని అడిగితే మూసుకుంటుంది. ఇంతేనా అని అడిగితే తెరుచుకుంటుంది.

బల్ల మీద బారలాయనకు ఒకవైపు వలపెద్ద టీ ఊదుకుంటున్నాడు, ఇంకోవైపు పడవలు చేసే వడ్రంగి. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతున్నాడు. కథ చిన్నగానే మొదలైంది. ఒకరోజు తెల్లవారి జట్టువాళ్ళు రావడం ఆలస్యమైతే, వల ఊరికే నీళ్ళలో నానుతోంది కదా అని, ఒక కొస తాడు తనొక్కడే లాగాడట. అందులో గొప్పేం లేదు, ఎవరైనా చేసే పనే అన్నాడు. ఆ వినయం చూసి వడ్రంగి గ్లాసు అవతలి చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇద్దరు లాగే తాడా, మరిదిగారూ?" అంది వదిన, వల మీంచి తలెత్తకుండా.

"ఇద్దరేంటి వదినా, ఇరవైమంది. లాగుతున్నానా, లాగుతుంటే తాడు బిగిసింది, బిగిసిందంటే అలా ఇలా కాదు, వేలు పెట్టి మీటితే ఊరంతా మోగింది, సరే అడుగున రాయికి తగులుకుందేమో అనుకున్నా, కానీ రాయి ఊపిరి తీసుకోదు కదా, ఇది తీసుకుంటోంది, అది లోపలికి పీల్చినప్పుడల్లా సముద్రం అరమైలు వెనక్కి పోతోంది, వదిలినప్పుడల్లా మళ్ళీ వస్తోంది, అలా ఒకసారి వెనక్కి పోయినప్పుడు అడుగున మన పెద్దాయన పోగొట్టుకున్న లంగరు కనబడింది, తాడు ఒక చేత్తో పట్టుకునే వెళ్ళి తెచ్చేశా. ఉన్నారుగా, అడగండి."

అందరూ వలపెద్దవైపు చూశారు. తను పట్నంలో కొత్త లంగరు కొన్నట్టు గుర్తని ఆయన మెల్లగా అన్నాడు.

"కొత్తదని మీరు అనుకున్నారు. నేను తోమి పెట్టాను," అన్నాడు బారలాయన.

చేప ఎంత ఉంటుందని టీ కొట్టాయన అడిగాడు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్న చేతులు రెండూ బార్లా చాచుకున్నాయి. ఆరు బారలు. వదిన ఒక కన్ను కుట్టి ముడి బిగించింది. పక్క ఊరివాళ్ళు పట్టింది ఏడని విన్నట్టుందే అంది.

"తలకాయ, వదినా. తలకాయ ఆరు బారలు. నేనింకా తల దగ్గరే ఉన్నాను."

అక్కణ్ణించి తోక దాకా వెళ్ళడానికి రెండో టీ అయిపోయింది. చేప వీపు మీద ఆ ఊరి ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకుని, సాయంత్రానికి మడిచి తీసుకెళ్ళారట. తన పశువుల పాక మీద ఉన్నది రేకని ఊళ్ళోవాళ్ళు అనుకుంటున్నారు గానీ, అది ఆ చేప పొలుసేనట. దాని మీద కంపెనీ ముద్ర ఉంది కదా బావా అని టీ కొట్టాయన గుర్తుచేశాడు. చేప అంతకుముందు మింగిన ఓడ మీది ముద్ర అది, లోపల్నుంచి అచ్చు పడింది అన్నాడు బారలాయన. టీ కొట్టాయన గ్లాసు కడగడం మానేసి కాసేపు ఆలోచించాడు. ఆలోచించాక మళ్ళీ కడుక్కున్నాడు.

"అలా మూడు రోజులు. తిండి లేదు, నిద్ర లేదు. అలాగని పొలం ఎండబెట్టుకుంటామా? తాడు కుడిచేత్తో పట్టుకుని, ఎడమకాలితో కుండ ఎత్తి, నారుకు మడి మడికీ నీళ్ళు పోశా. ఒక్క మొక్క వాడలేదు."

నీళ్ళు అన్నచోట వదిన చేతిలో సూది ఆగింది. ఏ చెలమలోవి అని అడగాలనిపించింది. అడగలేదు. సూది మళ్ళీ నడిచింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు దాహం వేసింది. సముద్రం అంతా నా ముందే ఉంది గానీ తాగడానికి పనికిరాదు కదా. తాడు వదిల్తే చేప పోతుంది. అందుకని తాడు తీసుకెళ్ళి ఒడ్డున తాటిచెట్టుకు కట్టా."

కిందటి గాలికి ఒడ్డున అలాంటివి మూడు చెట్లు పడ్డాయే అంది వదిన. ఇసుకలో వేరు, దానికి ఆగిందంటే పెద్ద బిగువేం కాదేమో అని కూడా అంది. వడ్రంగి చెక్క తెలిసినవాడు. ఎవరి వైపూ కాదు, చెక్క వైపు. తాటిమొద్దు ఆ లాగుడుకు నిలువునా చీలుతుందని తేల్చేశాడు.

"చీలింది. చీలిందనే చెప్పబోతున్నా. చీలితే విప్పి..." అని బారలాయన చూపు ఆ ఒడ్డు మొత్తం వెతికింది. ఆ ఒడ్డున గట్టిగా నాటుకుని ఉన్నది ఒక్కటే. "రాయికి కట్టా."

"ఏ రాయి బావా?" అన్నాడు టీ కొట్టాయన.

"ఇంకే రాయి. నాన్న పాతించిన రాయి. దాని సంగతి నేను చెప్పాలా? వెంట్రుకవాసి కదలదు." ఆ మాట ఆరేళ్ళుగా అలవాటైన నోటికి దానంతటదే వచ్చింది. వస్తూ వస్తూ వదినవైపు ఒక చూపు కూడా విసిరింది.

వదిన దారం పళ్ళతో కొరికింది.

"కదల్లేదన్నమాట."

"కదల్లేదు."

"పోనీలెండి. చిన్న చేపే అయ్యుంటుంది."

ఆమె మళ్ళీ వల మీదికి వంగింది. ఇక తను మాట్లాడకూడదని ఆమెకు తెలుసు. మాట్లాడవలసినవాళ్ళు ఉన్నారు. ఆ రాయిని గుంటలోకి దింపిన రోజు తనూ ఒక చెయ్యి వేశానని, ఇద్దరు మనుషులు ఎత్తిన రాయేనని వడ్రంగి అన్నాడు. ఇద్దరెత్తే రాయిని కదపలేనిది చేపేంటి, చేపపిల్ల అయ్యుంటుందని టీ కొట్టాయన పొయ్యివైపు తిరిగి అన్నాడు. బట్టలు ఆరేసుకున్నారంటే చేతిరుమాలేమో అని కూడా అన్నాడు.

బారలాయన గ్లాసులోకి చూశాడు. అందులో ఒకవైపు మూడు మూరల నేల ఉంది, ఇంకోవైపు చేప ఉంది. నేలను ఆరేళ్ళు కష్టపడి సంపాదించాడు. చేపను అరగంటలో పెంచాడు. కానీ చేప తోక దాకా వచ్చి ఉంది, నలుగురూ చూస్తున్నారు, అది వాళ్ళ కళ్ళ ముందే రొయ్యంత అయిపోతోంది. ఆయన గ్లాసు కింద పెట్టాడు. చేతులు వాటంతటవే లేచాయి.

"కదల్లేదని ఎవడన్నాడు?"

టీ కొట్టాయన పొయ్యి వదిలి ఇటు తిరిగాడు.

"మొదట కదల్లేదు అన్నా. మొదట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేప ఒక్కసారి తల విదిలించింది, విదిలిస్తే గట్టు కింద నేల గుమ్మడికాయలా పగిలింది, పగిలి రాయి పుచ్చిన పన్ను ఊడినట్టు ఊడి తాడు వెంట పోతోంది, దాని వెనక నేను, గడ్డీ గట్టూ అన్నీ దున్నుకుంటూ పోతోంది..."

"ఎటువైపు, మరిదిగారూ?"

"చేప ఎటు లాగుతుంది వదినా, ఊళ్ళోకి లాగుతుందా? సముద్రంవైపే."

"ఎంత దూరం?"

"ఎనిమిది బారలు." చేతులు విసురుగా చాచుకున్నాయి. వడ్రంగి కథలో పడి గ్లాసు ఈ చేతిలోకే తెచ్చుకున్నాడు, చొక్కా తడిసింది. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి.

వదిన సూది వలలో గుచ్చి, వలపెద్దవైపు చూసింది. ఆయన టీ ఊదడం ఎప్పుడో ఆపేశాడు.

"రాయి కదిలింది," అన్నాడు వలపెద్ద, ఒక్కో మాటా లెక్కపెట్టుకున్నట్టు. "సముద్రంవైపు కదిలింది. ఏరా, చేప నిజమేనంటావా?"

తన మాట ఇంకొకరి నోట విన్నాక గానీ బారలాయనకు అందులో ఏముందో తెలియలేదు. తప్పించుకోవడానికి ఒక్క మాట చాలు. ఉత్తిదే అంటే సరిపోతుంది. ఆయన నోరు దాని కోసం తెరుచుకుంది కూడా. కానీ పుట్టి బుద్ధెరిగి ఆ మాట పలికిన నోరు కాదు, పలకడం దానికి చేతకాలేదు.

"నిజం కాకపోతే?" అన్నాడు. అన్నాక, ఊపిరి పీల్చుకున్నాక, ఇంకో దారి కనబడి ముఖం వెలిగింది. "కదిలిందన్నాను గానీ అక్కడే ఉందన్నానా? తాడు తెగి చేప పోయింది. రాయిని ఒక్కణ్ణే భుజాన వేసుకుని, ఎనిమిది బారలూ వెనక్కి మోసుకొచ్చి, ఎక్కడిదక్కడ పాతాను. ఒక్కణ్ణే."

వడ్రంగి చొక్కా పిండుకుంటూ, మూడు రోజులు తిండీ నిద్రా లేకుండా లాగినవాడు అంత రాయి మోశాడంటే, మిగతాదంతా నమ్మాను గానీ ఇది మాత్రం నమ్మలేనన్నాడు. బారలాయన నొచ్చుకున్నాడు. చేపను నమ్మి తనను నమ్మకపోవడం ఆయన సహించలేకపోయాడు.

"ఊరికే మోశానా? మోకాళ్ళు వణికాయి. నడుం విరిగింది. మనిషినే కదా నేనూ. చివరికొచ్చేసరికి ఇక వల్లకాక, పాత గుంట దాకా చేరకుండా కాస్త ఇవతలే దింపేశాను. అడుగు పడితే ఒట్టు."

"ఎంత ఇవతల?" అన్నాడు వలపెద్ద.

వలపెద్ద సూటిగా ప్రశ్న అడగడం అక్కడెవరూ అంతకుముందు వినలేదు. బారలాయన అలవాటుగా చేతులు చాచబోయి ఆగాడు. చాస్తే ఇంకా ఎక్కువ పోతుంది. ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో చెయ్యి మోచేతి దగ్గర మడిచి, వేళ్ళ కొసల దాకా ఒకసారి చూసుకున్నాడు. జీవితంలో మొదటిసారి మూరల్లోకి దిగాడు.

"మూడు మూరలు ఉంటుందేమో."

వలపెద్ద లేచి నిలబడ్డాడు. వదిన ఒళ్ళోంచి వల పక్కకు తీసి, దాని కింద వచ్చినప్పట్నుంచీ దాచి ఉంచిన గునపం అందుకుంది.

"ఆరేళ్ళయింది," అంది. "అలసట తీరిందా, మరిదిగారూ?"