ఎవరికిబ్బంది గారి చివరి ప్రశ్న

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహించిన డైరెక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీ ఎప్పుడిస్తారా అని వెనక వరుసలో తలుపు వంక చూస్తున్న మిత్రులకు నమస్కారం.

నా ఉద్యోగం ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్. అందులో రెండో మాట చూసే మా మామగారు పిల్లనిచ్చారు. పెళ్లయిన కొత్తలో "అల్లుడుగారూ, పైన రెండు గదులు వేద్దామనుకుంటున్నాం, ప్లాను మీరే గీయాలి" అన్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది నా పని. నాకొచ్చిన విద్యే చూపించాను, నాలుగు డబ్బాలు, వాటి మధ్య బాణాలు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "అంతా బాగుంది గానీ, లోపలికెళ్లే గుమ్మం ఏదండీ?" అన్నారు. (నవ్వులు) అదిగో, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

ఆఫీసులో ఇంకో రకం. ప్రింటరు మొరాయిస్తే నన్నే పిలిచేవారు. కొత్తది ఏది కొందామన్నా నేను అడ్డుపుల్ల వేస్తానని కొందరు, గోడకు బొమ్మ అంటిస్తే నా పని అయిపోయినట్టేనని ఇంకొందరు. బొమ్మలు గీశాను, కాదనను. కానీ ఇక్కడ ఏ పని దేని మీద ఆధారపడి నడుస్తోందో తెలుసుకుని, ఒకటి మారిస్తే ఇంకేం కదులుతుందో ముందే చెప్పడం నా అసలు పని. అందుకే బల్లబల్లకీ వచ్చి, "దీన్ని తీసేస్తే ఎవరికి ఇబ్బంది?" అని మీ ప్రాణం తీశాను. నాకు 'ఎవరికిబ్బంది గారు' అని పేరు పెట్టిన సంగతి తెలీదనుకోకండి.

మూలగది కంప్యూటర్లో నడిచే పాత ప్రోగ్రాం, మనందరం 'ముసలమ్మ' అనేవాళ్లమే, దాన్ని ఆపేద్దామని ఒకసారి అందరూ తీర్మానించేశారు. ఎవరికీ ఇబ్బంది లేదన్నారు. నేను బల్ల దగ్గరికెళ్లి అడిగితే డెస్పాచ్ మేడమ్ మాత్రం, "ఏ లారీ ఎక్కడికెళ్లాలో పొద్దున్నే చెప్పేది అదేనండీ. తీసేయండి, డ్రైవర్లూ నేనూ హాయిగా ఇంట్లో కూర్చుంటాం" అన్నారు. (నవ్వులు) ఆ మాట చేరవేయగానే డైరెక్టరు గారు సంతకానికి తెరిచిన పెన్ను మెల్లగా మూసేశారు.

ఇవాళ లిఫ్టులో ఒక మాట చెవిన పడింది. నా తర్వాత ఈ సీటు ఉండదట, బొమ్మలే కదా, సాఫ్ట్‌వేరే గీసేస్తుందట. వెళ్తున్నందుకు బాధ లేదు గానీ, ఆ మాటకు మనసు చివుక్కుమంది. గీయనివ్వండి, నాకన్నా చక్కగానే గీస్తుంది. మేడమ్ బల్ల దగ్గర నిలబడి, ఆవిడ ఫోను పెట్టేసేదాకా ఆగి అడిగేదెవరు?

ఇన్నాళ్లూ నన్ను భరించిన మీ ఓపికకు కృతజ్ఞతలు. డైరెక్టరు గారూ, నా సీటు తీసేసే కాగితం మీ ముందుకొచ్చినప్పుడు, పెన్ను తెరిచే ముందు ఆ ప్రశ్న ఒక్కసారి మీరే అడగండి. ఈసారి అడగడానికి నేనుండను.

సెలవు.