వేలిముద్రకి ఐదు కిలోలు

సమార్ దీవిలో ఒక కొండ ఊరు. రేడియో విలేఖరి రోవెనా పొద్దున్నే ఇస్కా పెద్దమ్మ ఇంటికి వచ్చింది.

"ముందు ఆ రికార్డరు ఆపవే తల్లీ. ఆ ఎర్రలైటు చూస్తే నాకు గొంతు పెగలదు."

"ఆపేశాను పెద్దమ్మా, ఇదిగో. ఇప్పుడు చెప్పు. వేలిముద్ర ఎందుకు వేశావు?"

"బియ్యానికి. తుఫాను సాయం అన్నారు. మనిషికి ఐదు కిలోలు. ముద్ర వెయ్యి, సంచి పట్టుకో, ఫోటోకి నిలబడు అన్నారు. నిలబడ్డాం."

"ఆ మిలిటరీవాళ్ళని కాగితంలో ఏముందని అడగలేదూ?"

"వారం రోజులుగా చామదుంపలే తింటున్నాం. నువ్వయితే అడిగేదానివా?"

"ఆ ఫోటోనే పేపర్లో వేశారు పెద్దమ్మా. కొండల్లో తిరుగుబాటుదారులు లొంగిపోయారని."

"నేనా? తిరుగుబాటా? ఈ నాలుగు మెట్లెక్కితేనే మోకాళ్ళు పట్టేస్తాయి నాకు!"

"నవ్వకు. పోయినేడు అవతలి కొండ మీద ఇలాగే ముద్రలు వేయించుకున్నారు. ఆ పేర్ల పట్టీలో నలుగురు ఇప్పుడు లేరు. అదేమంటే, మళ్ళీ అడవిలోకి పోతుంటే కాల్చాం అన్నారు."

"అయ్యో దేవుడా..."

"అందుకే జరిగింది నీ నోటితో చెప్పు. సాయంత్రం వార్తల్లో వేస్తా. అందరికీ తెలిస్తే మీ జోలికి రావడానికి జంకుతారు."

"మరి నీ జోలికి?"

"నా సంగతి వదిలెయ్. నా పేరు వాళ్ళ పట్టీల్లో లేదు. ఆ ఒక్క ధైర్యంతోనే ఇంకా ఈ కొండెక్కుతున్నా."

"అల్లం నీళ్ళు కాచనా? చలిగా ఉంది."

"మాట మార్చకు."

"మార్చట్లేదే. ఇంతకీ... ఈ ఊరి పట్టీ నువ్వు చూశావా?"

"ఎక్కడ? ఎవరికీ చూపించట్లేదు. ఏం?"

"కోప్పడవు కదా?"

"పెద్దమ్మా, ఏం చేశావు?"

"రేడియోవాళ్ళు జీతమే ఇవ్వట్లేదని నువ్వేగా అన్నావు. తుఫానప్పుడు మా ఇంట్లోనే ఉన్నావు కదా, ఈ పిల్ల కూడా మా మనిషే అని చెప్పా. మనిషి లేకపోయినా ఫోటో ఇస్తే చాలన్నారు. మా చిన్నదాని పెళ్ళిలో దిగిన ఫోటో ఇచ్చా."

"నా ఫోటోనా?"

"నీ పేరు రాయించి, ముద్ర కూడా నేనే వేశానమ్మా. నీ బియ్యం అదిగో, ఆ మూల ఉన్నాయి. పిల్లలు ఏడ్చినా ఒక్క గింజ ముట్టుకోనివ్వలేదు."