తల వంచి చూసే కెమెరా

అనకాపల్లిలో కెమెరాలమ్మే సాయిబు, బెల్లం బండి తోలుకొచ్చిన బుచ్చయ్యపేట కుర్రాడి చేతిలోంచి ఖరీదైన కెమెరాను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మంచి బేరాన్ని తనే చెడగొట్టుకుంటున్నానని ఆయనకు తెలుసు.

"ముందెప్పుడైనా ఫొటో తీసేవా బాబూ?"

"లేదు సాయిబు గారూ. కొంటే మంచిదే కొందామని వచ్చేను."

"దీన్ని కంటికి ఆనించాలి. దూరం ఎంతో, వెలుగు ఎంతో చూసుకుని తిప్పాలి. ఇంతకీ ఎవర్ని తీత్తావు?"

"మా మామ్మని. ఎనభై ఏళ్లొచ్చేయి, ఒక్క ఫొటో లేదు. తీత్తే ఆయుష్షు తగ్గిపోద్దంటాది. సెల్లి పెళ్లిలో ఫొటోలాయన నల్లగుడ్డలో తల దూర్చేసరికి బోయినం మానేసి ఇంటికెల్లిపోయింది."

"అయితే నువ్వు ఇవన్నీ తిప్పుకునేలోగా ఆవిడ ఊరు దాటేత్తాది. ఈ డబ్బా కెమెరా పట్టుకెళ్లు. పొట్టకి ఆనించి, తల వంచి పైఅద్దంలో చూసి నొక్కడమే. ఎండుంటే చాలు. దీంతో చెయ్యి తిరిగేక పెద్దదానికి వద్దువుగాని."

"ఇది సవకది గదా. మామ్మకి సవకదా?"

సాయిబు డబ్బా కెమెరా పైఅద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"బండి కట్టిన రోజు ఆవిడకి దణ్ణం పెట్టే బయల్దేరతావా?"

"పెట్టకపోతే ఎడ్లని కదలనివ్వదు. వాకిట్లో ఎండలోనే కూకుని ఉంటాది."

"ఈసారి ఈ డబ్బాని పొట్ట దగ్గర పెట్టుకుని, నాలుగంగల దూరంలో నిలబడి తల వంచు. ఏటనుకుంటాది?"

"దణ్ణం పెడతన్నాననుకుని దీవించడానికి సెయ్యెత్తుతాది."

"ఆ చెయ్యి ఆగినప్పుడు నొక్కు."