నందిని గెస్టు

అట్ల కాదు సార్, ముందు నా మాట ఇనండి. ఆ పిల్ల లాగిన్ ఆపేస్తే ఎట్ల? సోమవారం లోపల ప్రాజెక్టు పంపకపోతే ఈ ఏడు ఎంసీఏ పాసు కాదంట కదా! తప్పు చేసినోడు ఈడ మీ ముందర నిలబడుండాడు, శిక్ష ఆ పిల్లకా?

కుచ్చోమంటారా? సరే, కుచ్చుంటా.

నేను దామోదరం, నందిని నాయన్ని. చిత్తూరు రిజిస్ట్రాఫీసు ముందర ముప్పై ఏండ్లు దస్తావేజులు రాసినోణ్ణి. సదవకుండా సంతకం పెట్టొద్దని ఎంతమంది రైతులకు చెప్పింటానో లెక్కే లేదు. అట్లాంటోణ్ణి మీ వైఫై ఫారం సదవకుండా సంతకం పెట్టినానంటే నమ్ముతారా? సదివినా సార్. ఐదు పేజీలూ సదివినా. ఇంగ్లీషే గానీ మా కోర్టు ఇంగ్లీషు కంటే నయం. విజిటరు లాగిన్ ఇంకొకరికి ఇయ్యగూడదు, సినిమాలు దించగూడదు, ఏం జరిగినా పిలిపించుకున్న విద్యార్థిదే పూచీ. ఆ కాయితం తియ్యబళ్ళేదు సార్, నాకు నోటికొచ్చు.

మరెందుకు చేసినావంటారా? అదే కదా నా ఖర్మ!

మొన్న బుధవారం మీ యూనివర్సిటీలో సీట్ల కౌన్సెలింగు జరిగింది గదా. నేనూ ఊరికే పాపను సూసి పోదామని వచ్చినా. దానికి ల్యాబులో పని ఉండాది. తన లాగిన్ నాకిస్తే తప్పని, ఫారం నింపి నా పేరుతో విజిటరు లాగిన్ ఇప్పిచ్చింది. అంత నియమం పిల్ల! ల్యాప్‌టాప్ చేతికిచ్చి, 'పేపరు సదువుకుంటా కుచ్చో నాయనా, ఎవురికీ ఇయ్యాకు' అని మరీమరీ చెప్పి పోయింది.

వరండాలో కుచ్చున్నా. పక్కన వడమాలపేట నుంచి వచ్చిన వసంతమ్మ అని ఒగామె. మనమరాలికి ఏ కాలేజీలో సీట్లు మిగిలుండాయో తెలీక అల్లాడతా ఉండాది. పాపమని సూసి చెప్పినా. అంతే సార్! 'ఈ సారుకు అంతా తెలుసు' అని వరండా అంతా చాటింపేసింది.

సారు! నన్ను!

రిజిస్ట్రాఫీసులోకి కంప్యూటర్లొచ్చి పదేండ్లాయె. నా బెంచీ దిక్కు కుక్క గూడా తొంగిసూడదు. అట్లాంటోడి ముందర ఇరవైమంది వరస కట్టినారు. నేను కండ్లద్దాలు తుడుసుకోని, గొంతు సవరించుకోని, 'ఒగరెనక ఒగరు రాండి' అన్నా. ఎంత పోజు కొట్టినానో తల్సుకుంటే సిగ్గేస్తా ఉండాది. ఒగాయమ్మను 'హాల్‌టికెట్టు జిరాక్సు యాడమ్మా?' అని గద్దించినా. జిరాక్సుతో నాకేం పని? ఏమీ లేదు! ఊరికే అడిగినా. పాపం, ఆ ఎండలో పొయ్యి తీసుకోనొచ్చింది.

ఆడికి నిలిచినా బాగుండు. పూతలపట్టు మునిచంద్ర అని, మామిడి మండీ ఆయన, పొద్దుపోలేదని లాగిన్ అడిగినాడు. ఆయన ల్యాప్‌టాప్ ఆయనకే ఉండాది. ఫారంలో రాసింది గుర్తుకు రాలేదా అంటే, వచ్చింది. కానీ సారు అనిపించుకున్నోడు 'నాకు అధికారం లేదప్పా' అని ఏ నోటితో చెప్తాడు? కాయితమ్మీద రాసిచ్చినా. అలవాటు కొద్దీ కింద సంతకం గూడా పెట్టిచ్చినా! ఆ మహానుభావుడు రెండు సినిమాలు దించుకోని సల్లగా పోయినాడు.

నవ్వండి సార్, పర్వాలేదు. ఈ తూరి నాకే నవ్వు రావడంలేదు.

మీ కంప్యూటర్ సెంటరు సుబ్రమణ్యం వచ్చి, 'సినిమాలు దించిన నందిని గెస్టు ఎవరప్పా?' అని అరిచినాడు. రెండుతూర్లు అరిచినాడు. నేను ఆయనకు మూడడుగుల దూరంలో ఉండా. 'నేనే' అని లేస్తే, నేను ఈ యూనివర్సిటీ మనిషిని కాదని, ఒగ పిల్ల పూచీ మీద కుచ్చున్నోణ్ణని అందరికీ తెలిసిపోతుంది గదా! తలకాయ వంచుకోని స్క్రీనులోకి సూస్తా ఉండిపోయినా.

సరిగ్గా అప్పుడే పాప వచ్చింది. నన్ను సూసింది, నా ముందర ఉండే వరసను సూసింది. దానికి అర్థమైపోయింది. 'గెస్టు పొద్దున్నే ఎళ్ళిపోయినాడు సార్, ఆ లాగిన్ నేనే వాడినా, సినిమాలు నేనే దించినా' అనింది. పుట్టినాక ఇంత కాలంలో అది అబద్ధం చెప్పంగా నేను ఇనింది అదే.

అందుకే మీరు నా మీద కేసు రాసుకోండి, దాని లాగిన్ దానికి ఇచ్చేయండి. ఏ కాయితం ఇచ్చినా రాసిస్తా.

బుధవారం నుంచి పాప నా ఫోను తియ్యడంలేదు సార్. లాగిన్ పోయిందని కోపమనుకుంటా ఉండారా? కాదు.

సుబ్రమణ్యం ఎనకాల అది పోతా ఉంటే, 'ఎవురు సార్ ఆ పిల్ల?' అని వసంతమ్మ అడిగింది.

'ఎవురో స్టూడెంటులేమ్మా' అన్నా.

పాప ఇంకా మెట్లు దిగలేదు సార్. ఇనింది.